పరిశం నాటి పరిశోధన

"ఈ పెండ్లి ఆపండి! సంగవినీ ముత్తుకృష్ణన్‌నీ ముడేస్తే పుట్టే పిల్లలకు కాళ్ళు పడిపోతాయి!"

తమిళనాట కోవిల్‌పట్టిలో, పెళ్ళికూతురు సంగవి తండ్రి గురుసామి ఇంటి గడపలో నిలబడి, చెప్పులైనా విప్పకుండా అరిచింది కలైసెల్వి. అప్పుడే తాంబూలం పళ్ళెం చేతులు మారబోతోంది. అక్కడి తెలుగువాళ్ళు నిశ్చితార్థాన్ని పరిశం అంటారు. ఈవిడ పరిశం నాడు శోధన తెచ్చింది కాబట్టి, పరిశోధన అంటే ఏమిటో ఆ ఇంటికి ఆ రోజే తెలిసొచ్చింది.

కలైసెల్వి శాస్త్రవేత్త. జుట్టు నెరిసేదాకా ఆమె పట్టుకుని వేళ్ళాడింది ఒకే ఒక్క జబ్బు. లోకంలో ఎక్కడో ఒకరికి వచ్చే ఆ జబ్బు ఈ చుట్టుపక్కల పల్లెల్లో వీధికొకరికి వస్తుంది. బడికి పరుగెత్తే పిల్లలు ఉన్నట్టుండి గోడ పట్టుకుంటారు, తర్వాత మంచం పట్టుకుంటారు. తల్లిలోనూ తండ్రిలోనూ దాని విత్తు ఉంటేనే బిడ్డలో మొలుస్తుంది. సొంత మేనమామకే పిల్లనిచ్చే ఇళ్ళల్లో విత్తుకు కరువా?

రక్తసంబంధం మీద మాట పడేసరికి అందరికీ రక్తపోటు వచ్చింది. ముందుగా లేచింది పెళ్ళికూతురి తల్లి మీనాక్షియమ్మాళ్. పెళ్ళికొడుకు ఆమెకు సొంత తమ్ముడే.

"ఏమే కలైసెల్వీ! చిన్నమ్మ కూతురివని పిలిస్తే పీనుగింట్లో మాట్లాడినట్టు మాట్లాడతావా? నా తమ్మునికి ఇయ్యక, నా కూతుర్ని దారిన పొయ్యేవానికి ఇస్తానా?"

"దారిన పొయ్యేవానికే ఇయ్యక్కా! వానికి పుట్టే బిడ్డయినా దారిన నడుస్తాది!"

గురుసామి పంచె ఎగ్గట్టాడు. "మా నాయన అక్క కూతుర్నే చేసుకున్నాడు. నాకేమైంది? రెండు కాళ్ళూ ఉండాయి గదా!"

"కాళ్ళు ఉండాయి బావా. బుర్రే యాడుండాదో వెతుక్కో!"

ముత్తుకృష్ణన్ విరుదునగర్‌లో మిరపకాయల మండీలో పనిచేస్తాడు. నోరు కూడా ఆ సరుకే. తాంబూలం పళ్ళెం ఎత్తి వాకిట్లోకి విసిరాడు. తమలపాకులు కలైసెల్వి చెప్పుల మీద పడ్డాయి.

"తాయిమామను నేను, సొంత మేనమామను! నాకు లేని హక్కు ఇంకెవనికే? ఎలకల్ని కోసుకుంటా బతికేదానివి, పెండ్లీ లేదు పిల్లా లేదు, నువ్వా నా పెండ్లికి అడ్డం పడేది?"

"అరవరా, బాగా అరవరా! పుట్టేవాళ్ళను మోసేదెవురు? మీ వీధి రాక్కమ్మాళ్‌కూ పెండ్లికి ముందు ఇట్లే చెప్పినాను. తరిమి కొట్టింది. ఇప్పుడు మీసాలొచ్చిన కొడుకును చంకన ఎత్తుకొని దొడ్డికి తీసకపోతాది. నువ్వు చూళ్ళేదా మీనాక్షక్కా?"

మీనాక్షియమ్మాళ్ చూసింది. వీధి వీధంతా రోజూ చూస్తోంది.

"నిజంగా ఇద్దరిలోనూ ఉండాదా?" అంది, గొంతు సన్నం చేసి.

"ఇద్దరిలోనూ. మొన్న ఇద్దరి రక్తం తీసి చూసినాను. వాళ్ళకేమీ కాదు. వేరే వేరే చోట్ల చేసుకుంటే పిల్లలకూ భయం లేదు."

మీనాక్షియమ్మాళ్ కూతురి వైపు చూసింది, తమ్ముడి వైపు చూసింది. "వద్దురా తమ్ముడా. ఈ సొందం వద్దు. నేనే వద్దంటున్నా. నా మీద కోపం పెట్టుకోవద్దు."

"ఒప్పుకోను!" ముత్తుకృష్ణన్ గోడను గుద్దాడు. కలైసెల్వి రెక్క పట్టుకున్నాడు. "దీన్ని బస్సెక్కించి ఊరు దాటిస్తే గాని నా కడుపుమంట ఆరదు!"

వీధిలో జనం చూస్తుండగా ఆమెను ఈడ్చుకుపోయాడు. కొడతాడేమోనని గురుసామి వెంటపడబోతే భార్య ఆపింది. "పోనీలే. ఆశ పెట్టుకున్నోడు, అరిచి ఏడ్చుకోనీ."

విరుదునగర్ బస్సు ఆగేచోట ముత్తుకృష్ణన్ ఆమె చెయ్యి వదిలాడు. వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ రాలేదు. ఒక్కసారిగా అతని మొహం విచ్చుకుంది.

"గొంతు పోయిందక్కా! బాగా తిట్టినానా?"

"పెండ్లీ లేదు పిల్లా లేదన్నావే, అది ఎక్కువైంది."

"మన్నించక్కా, ఊపులో వచ్చేసింది. బుజాన ఎక్కించుకొని బడికి తీసకపోయిన పిల్ల మెడలో తాళి ఎట్ల కట్టేది, చెప్పు! నేనుగా వద్దంటే, కూతుర్ని కాదన్నానని మా అక్క జన్మలో నా మొగం చూడదు. ఇప్పుడు మా అక్కే వద్దనింది. జబ్బుండాదని ఒక్క అబద్దం చెప్పమంటే, నమ్మకం కుదరాలని ఇద్దరికీ రక్తం గూడా తీసి ఏం నాటకం కట్టినావక్కా!"

బస్సు వచ్చింది. కలైసెల్వి మెట్టెక్కి ఇటు తిరిగింది. ఆమె మొహంలో కోపం ఇంకా దిగలేదు.

"నువ్వు అబద్దమే అడిగినావు తమ్ముడా. మీ రక్తం నిజం చెప్పింది."