పెన్సిలు పువ్వు

పొద్దుటి నుంచి ఆకాశం మబ్బు పట్టి ఉంది. వానా రాలేదు, ఎండా కాయలేదు.

అద్దె పుస్తకాల షాపులో అక్క సెలవుల్లో చదవడానికి ప్రేమ నవలలు ఏరుతోంది. భోజనం కాగానే అక్కాచెల్లెళ్లిద్దరూ కొండల మీదికి బయల్దేరాలి. కారు నడిపేది అక్కే.

"ఏడుపులూ చావులూ వద్దే. హాయిగా పెళ్లితో అయిపోవాలి," అంది అక్క.

"నువ్వు చదవనివి ఇంకా మిగిలాయా ఇక్కడ?" చెల్లెలు నవ్వింది.

"ఇవన్నీ కొత్తవే. చూసే తీశాను."

అక్కకో అలవాటుంది. చదివిన పుస్తకం పొరపాటున మళ్లీ తెచ్చుకోకుండా, చివరి పేజీ అడుగున పెన్సిలుతో చిన్న పువ్వు వేస్తుంది.

చెల్లెలు పైనున్న నవల తిరగేసింది. పువ్వు ఉంది. దాని కిందిదాంట్లోనూ ఉంది. ఆ తర్వాతదాంట్లో రెండు పువ్వులున్నాయి.

"ఇదెవరు వేశారక్కా?"

అక్క వంగి చూసింది. "ఎవరి పిల్లలో గీసుంటారు. పెన్సిలు దొరికితే చాలు వాళ్లకి."

చెల్లెలు ఆ పుస్తకాలు మూసి పక్కన పెట్టింది. తర్వాత చెయ్యి చాపింది. "కారు తాళాలివ్వక్కా. ఈసారి నేను నడుపుతాను."

"నీకు కొండదారంటే భయం కదే?"

"భయమే. అయినా ఇవ్వు."

అక్క ఆమె మొహంలోకి చూసింది. నవ్వబోయి ఆగిపోయింది. తాళాలు తీసి ఇచ్చింది.

పక్క హోటల్లో ఎదురెదురుగా కూర్చుని, తలెత్తకుండా ఇద్దరూ భోంచేశారు.