వాగు ఒడ్డున పంజా

“ఇది కుక్క,” అన్నాడు అటవీశాఖ వాచర్ నర్సింహులు, తడి ఇసుకలో పడ్డ అచ్చు పక్కన గొంతుక్కూర్చుని.

“చిరుత,” అంది రాధమ్మ.

“చిరుత కాదక్కా, చిరుతిండికి తిరిగే కుక్క. గోళ్లు ఎట్ల దిగినయో సూడు. చిరుత గోళ్లు లోపలికి ముడుచుకొని నడుస్తది.”

బాట మూసేస్తారేమోనని పరుగున వచ్చిన కంపెనీ సూపర్‌వైజర్ చంద్రకాంత్ పకపకా నవ్వాడు. నవ్వడా మరి? హత్నూర దగ్గరి ఈ వాగులోనే వాళ్ల ట్యాంకర్లు రోజూ విషపునీళ్లు వదిలి వెళ్తాయి. లాభం కంపెనీది, కంపు ఊరిది. ఆ నీళ్లు తాగి రాధమ్మ బర్రెలు రెండు పోయాయి. మిగిలింది ఒక్కటి, అదీ చూలుతో ఉంది. ఆమె పెట్టిన అర్జీలు సంగారెడ్డి ఆఫీసుల్లో ఎవరి మర్జీకీ నోచుకోక పడున్నాయి. చిరుత ఉందని తేలితే మాత్రం బండ్లబాట బందవుతుంది.

ఒక కాలికి నీలం స్లిప్పర్, ఇంకో కాలికి ఎర్రది వేసుకుని కదలకుండా నిలబడింది రాధమ్మ. “అది చిరుతే. మళ్ల వస్తది.”

మూడోనాడు అచ్చులు మళ్లీ పడ్డాయి. ఈసారి గోళ్లు లేవు. అయినా నర్సింహులు తల అడ్డంగా ఊపి, చంద్రకాంత్‌కు తీరిగ్గా పాఠం చెప్పాడు. పిల్లిజాతి ముందుకాలు పెట్టినచోటే వెనకకాలు పెడుతుందట, ఇక్కడ నాలుగు కాళ్లు నాలుగు చోట్ల ఉన్నాయట. పైగా యాభై కిలోల ఒళ్లు మోసే పాదం ఇంత తేలిగ్గా పడదట. అంత పొడుగు నడుముకు అడుగు జానెడు కాదు, మూరెడు పడాలట.

“యాభై కిలోలా?” అంది రాధమ్మ. ఇవాళ కాళ్లకు చెప్పుల్లేవు.

“నీ అంత,” అన్నాడు చంద్రకాంత్. “నీది పులి కాదు, పులిహోర. ఇంటికి పో.”

“నేనెందుకు పోవాలె? పోవాల్సింది నీ ట్యాంకర్లు.”

వారం తిరిగేసరికి వాగు పొడవునా ఒకే వరుసలో అచ్చులు పడ్డాయి. మూరెడు దూరం, అంగుళం లోతు. నర్సింహులు టేపు పెట్టి కొలిచాడు, ఫొటోలు తీశాడు, చంద్రకాంత్ ఎదుటే రేంజర్‌కు ఫోన్ చేశాడు. సాయంత్రానికి బాటకు అడ్డంగా ముళ్లకంచె, దానిమీద బోర్డు వెలిశాయి. డ్రైవర్లు బండ్ల తాళాలు తెచ్చి చంద్రకాంత్ బల్లమీద పెట్టారు.

అందరూ వెళ్లాక నర్సింహులు తన సంచిలోంచి నీలం రబ్బరు ముక్క ఒకటి తీసి రాధమ్మ చేతిలో పెట్టాడు. పంజాలా కోసి ఉంది, నాలుగు గోళ్లతో సహా.

“మొదటి రోజే దొరికిందక్కా.”