ఎర్ర గీతల వచనాలు

"నాలుగోసారి కూడా తప్పావంటే కారు నేర్చుకునేవాళ్ళు తగిలించుకునే ఆ ఎల్ ప్లేటే నీ ఇంటిపేరైపోతుంది," అన్నాడు భార్యతో దీపక్, డ్రైవింగు టెస్టు సెంటరు ముందు కారు ఆపి.

కిరణ్మయి ఒళ్ళో ఉన్న బైబిలు తెరిచింది. అది చనిపోయిన తల్లి సువార్తమ్మది. సోమవారం నుంచి ఊరవతల ట్రుగనీనాలోని గోడౌన్లో సూపర్‌వైజరు ఉద్యోగం, తెల్లవారి ఐదింటికల్లా అక్కడుండాలి. ఆ వేళకి వాళ్ళుండే టార్నీట్ నుంచి బస్సు లేదు. దీపక్‌దేమో రాత్రి డ్యూటీ. లైసెన్సు రాకపోతే ఉద్యోగం కూడా రానట్టే.

"టెస్టు రోడ్డు మీద పెడతారు, సండే స్కూల్లో కాదు. అది మూసి అద్దాలు సరిచేసుకో."

"మీరు కాసేపు ఊరుకుంటే నాకదే చాలు. అమ్మ ఏ కష్టంలో గీసుకుందో ఇవన్నీ. ఆమెను నిలబెట్టిన మాటలు నన్ను నిలబెట్టవా?"

ఎర్ర పెన్సిలు గీతలు పడ్డవి ఏడు వచనాలు. పక్కన అమ్మ చేత్తో రాసుకున్న తేదీలు. ప్రసంగం విన్న రోజులు కాబోలనుకుంది కిరణ్మయి. చీకటి లోయలో నడిచినా భయపడనన్నదొకటి. రాకపోకల్లో ఆయనే కాపాడతాడన్నదొకటి. పాదానికి రాయి తగలకుండా దేవదూతలు ఎత్తి పట్టుకుంటారన్నది, తొంభై ఒకటో కీర్తన, దానికైతే రెండు గీతలు. నెల రోజులుగా ఏడూ కంఠతా పట్టేసింది.

వెనక సీట్లోంచి దిగిన కూతురు అక్షర చేతికి బైబిలిచ్చి, టెస్టు పెట్టే తెల్లావిడను పక్కన కూర్చోబెట్టుకుని కారు కదిలించింది. లోయ తలుచుకుని మెయిన్ రోడ్డెక్కింది. రాకపోకలు తలుచుకుని లేను మారింది. మూడుసార్లూ ఆమె కొంప ముంచిన గుండ్రటి కూడలి, రౌండెబౌటు, ఎదురయ్యేసరికి తొంభై ఒకటి అందుకుంది. పెదాలు కదులుతూనే ఉన్నాయి.

"ఆర్ యూ ఓకే, లవ్?" అంది తెల్లావిడ.

"మై మదర్ ఈజ్ విత్ మీ," అంది కిరణ్మయి.

ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి ఖాళీ సీటు చూసుకుని, తన సీటు బెల్టు ఇంకాస్త బిగించుకుంది.

అరగంటకి కాగితం ఊపుకుంటూ వచ్చింది కిరణ్మయి. కళ్ళనిండా నీళ్ళు. "పాసయ్యానండీ. నేను కాదు, అమ్మ గట్టెక్కించింది. ఎన్ని కన్నీళ్ళతో గీసుకుందో ఆ గీతలు."

"మమ్, దిస్ ఈజ్ వియర్డ్," అంది బెంచీ మీద నుంచి అక్షర, ఫోన్లో క్యాలెండరు చూస్తూ. "ఈ డేట్స్ అన్నీ సాటర్‌డేస్. అమ్మమ్మ ఇక్కడ మనతో ఉన్నప్పటివే. చర్చ్ సండే కదా?"

కిరణ్మయి వైపు తిరిగిన దీపక్ ముఖంలో నవ్వు మెల్లగా మొదలైంది. "శనివారాలంటే మన డ్రైవింగు ప్రాక్టీసు కదటే. మీ అమ్మ కూడా వచ్చేది."

"అండ్ దిస్ వాజ్ ఇన్ ది కవర్." బైబిలు రెక్సిన్ తొడుగు మడతలో దొరికిన చీటీ చేతికిచ్చింది అక్షర. "నంబర్స్ అవే. తెలుగు ఏముందో చదువు."

ఏడు వచనాల నంబర్లు వరుసగా ఉన్నాయి. వాటి కింద అమ్మ గుండ్రటి అక్షరాలు:

"పిల్ల కారు తోలేటప్పుడు వెనక సీట్లో చదువుకోవలసినవి. రౌండెబౌటు వస్తే కళ్ళు గట్టిగా మూసుకుని తొంభై ఒకటి, రెండుసార్లు."