దోవలో ఉండా

పొద్దున తోటపల్లి గూడూరు రొయ్యల సంఘం షెడ్డులో ల్యాప్‌టాప్ తెరిచిన కాసేపటికే కీల మీద సన్నగా ఉప్పుచెమ్మ పట్టింది. వారంగా నాకు సరైన నిద్ర లేదు. ఈ డెమో నచ్చితే సంఘం మా యాప్ కొంటుంది, కంపెనీలో నా ఉద్యోగం పర్మనెంటు అవుతుంది.

రన్ చేశాను. ఐస్ ఫ్యాక్టరీ, వల లాగే కూలీల మేస్త్రి, లారీ. ముగ్గురూ సరేనంటేనే చెరువులో రొయ్యల పట్టుబడి ఖాయమవుతుంది. ఒక్కరు కాదన్నా మిగతా రెండు బుకింగులూ వాటంతటవే రద్దవుతాయి.

సంఘం అధ్యక్షుడు చెంచురామయ్య గారు నవ్వారు. "మా లారీ జెకర్యా కాదని ఎప్పుడన్నాడు పాపా? 'దోవలో ఉండా' అంటాడు. మేం వల దించేస్తాం. వాడేమో ఇంట్లో పండుకోనుంటాడు. పోయిన పంటంతా గట్టు మీదే కుళ్ళిపోయింది."

"ఇందులో ఆ మాట చెల్లదండీ. గడువులోపల సరేనని నొక్కకపోతే కాదన్నట్టే. వల దిగదు, రొయ్యలు నీళ్ళలోనే ఉంటాయి."

"మళ్ళా మళ్ళా నొక్కకపోతే?"

"ఇంక ఆ లారీని యాప్ పిలవదండీ."

చేసి చూపించమన్నారు. లారీ జవాబు ఆపేసి మళ్ళీ రన్ చేశాను. మిగతా రెండు బుకింగులూ రద్దయ్యాయి.

"ఇది మాకు కావాల పాపా. ముందు ఆ జెకర్యా ఫోన్ నంబరు ఎక్కించు."

ఆయన తన ఫోన్‌లో నంబరు వెతుకుతుండగానే నేను టైప్ చేసేశాను.

జెకర్యా మా నాన్న.