ఒంటికి పట్టని తిండి

"పొట్లాలు ఖాళీ అవుతున్నాయి గానీ పిల్ల ఒళ్ళు నిండట్లేదు. ఎక్కడికి పోతోందో నువ్వే అడుగు," అంది సదోరి, చింపేసిన పొట్లాన్ని ఫర్జానా ముందు దులుపుతూ.

ఫర్జానా సింధ్‌లో హాలా పట్నం దగ్గరి ఆ పత్తిచేల ఊళ్ళో ఇంటింటికీ తిరిగి పిల్లల్ని తూచే ఆరోగ్య కార్యకర్త. బక్కచిక్కిన పిల్లలకు పంచే పల్లీముద్ద పొట్లాలు ఆమే తెస్తుంది. మూడేళ్ళు నిండవస్తున్న బఖ్తావర్‌ని ఉయ్యాల త్రాసులో వేసి చూసింది. ముల్లు కిందటి నెల ఎక్కడుందో అక్కడే ఉంది.

"పాప తింటోందా జేబుల్?"

"పెడితే తింటుంది," అంది సదోరి కోడలి బదులు. "మా బర్రెదూడ దీనికంటే వెనక పుట్టింది. అది కట్టు తెంపుకుంటోంది, ఇది నిలబడలేకపోతోంది."

పంపు దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళు మొహాలు తిప్పుకుని నవ్వారు. ఆరో నెల కడుపుతో ఉన్న జేబుల్ కూతుర్ని త్రాసులోంచి దింపి చంకకెత్తుకుంది. పిల్లను మాడుస్తోందని ఆ ఆడవాళ్ళు ఆమెతో మాట్లాడటం మానేసి చాలా కాలమైంది. ఆమె బిందె తెస్తే పంపు వదిలి పక్కకు జరిగేవారు. మొగుడు ఖమీసో కరాచీలో బస్తాలు మోస్తాడు. ఫోన్ చేస్తే తల్లితో మాట్లాడి పెట్టేస్తాడు.

ఫర్జానా ఆమెను గోడ చాటుకు తీసుకెళ్ళింది.

"నిజం చెప్పు. పొట్లం అంతా పాపకే పెడుతున్నావా? నేను ఎవరికీ చెప్పను."

జేబుల్ కొంగుతో పిల్ల ముక్కు తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. ఫర్జానా నిట్టూర్చి, "సరే, కరాచీ పెద్దాసుపత్రిలో చూపిద్దాం. ఏదో ఒకటి తేలిపోతుంది," అంది.

కరాచీలో పిల్లకు మత్తిచ్చి, నోట్లోంచి సన్నని గొట్టం దింపి, పేగు లోపల చూశారు. గోరంచంత ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ వారమంతా జేబుల్ ఆసుపత్రి వరండాలో గడిపింది. ఫర్జానా పగటిపూట వచ్చి కనిపించి, చుట్టాలింటికి వెళ్ళిపోయేది. పక్కన వేరే పిల్లల తల్లులు, తండ్రులు, అమ్మమ్మలు గుంపులుగా కూర్చుని రొట్టెలు పంచుకునేవారు. ఖమీసో ఒకసారి వచ్చాడు. పిల్ల తల నిమిరాడు. భార్య వైపు చూడకుండా, "అమ్మ అంతా చెప్పింది," అని వెళ్ళిపోయాడు.

ఫలితం వచ్చాక డాక్టరమ్మ జేబుల్‌నీ ఫర్జానానీ పిలిచింది. ఆమెదీ సింధ్ పల్లెటూరే. మాట సూటిగా ఉంది.

"పేగు లోపల సన్నని పోగుల్లాంటివి ఉంటాయమ్మా. తిన్నదాని సారం పీల్చుకునేవి అవే. మీ పాపకు పేగు వాచింది. ఆ పోగులు అరిగి చదునైపోయాయి. మురికినీళ్ళు మళ్ళీ మళ్ళీ కడుపులోకి పోతే ఇలా అవుతుంది. పైకి కనిపించదు. తిండి ఒంటికి పట్టదు, పిల్ల ఎదగదు."

"మందుందా?" అంది ఫర్జానా.

"పూర్తిగా నయం చేసేది ఇంకా లేదు. నీళ్ళు కాచి పట్టు. గుడ్డు పెట్టు. పొట్లాలు ఆపొద్దు. నెలనెలా చూద్దాం."

జేబుల్ పిల్లని ఒళ్ళోకి లాక్కుని, "ఇంకా ఎక్కువ పెట్టి ఉంటే?" అని అడిగింది.

"ఇంకా ఎక్కువ ఎక్కణ్ణుంచి తెస్తావు?"

"పెట్టి ఉంటే పెరిగేదా?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "అది ఎవరూ చెప్పలేరు. ఇలాంటి పేగుతో పెద్ద తేడా ఉండేది కాదనే అనుకుంటాను. నీ తప్పేం లేదు. ఆ బెంగ పెట్టుకోకు."

అప్పుడు జేబుల్ ఏడ్చింది. ఇద్దరూ ఆమెను ఏడవనిచ్చారు.

ఊరు చేరిన మధ్యాహ్నమే ఫర్జానా వాకిట్లో ఆడవాళ్ళందరినీ కూడేసింది. పేగు సంగతి వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పి, చివర జేబుల్ చెయ్యి పట్టుకుంది.

"అందరితో పాటు నేనూ అనుమానించాను. ఆ రోజు గోడ చాటున అడిగితే నువ్వు నన్ను ఒక్క మాట అనలేదు. ఎంత నొచ్చుకుని ఉంటావో. క్షమించు."

"వద్దు, అలా అనకు," అంది జేబుల్ చెయ్యి వెనక్కి లాక్కుంటూ.

"చూశారా, దాని మనసు," అన్నారెవరో.

సదోరి పొయ్యి దగ్గరకు వెళ్ళి, బియ్యపు రొట్టె మీద నెయ్యి వేసి తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టింది. ఆ ఇంట్లో అందరూ తిన్నాక గిన్నెలు గీకి తినడమే గానీ, వేడి రొట్టె అలా పెట్టించుకోవడం జేబుల్ ఎరగదు.

"తిను. నోరు కట్టుకుని బిడ్డకే పెట్టావు. నేను నోటికొచ్చినట్టల్లా తిట్టాను. ఖమీసోకి ఇప్పుడే ఫోన్ చేస్తాను. నీ పెళ్ళాం బంగారమని చెబుతాను."

పంపు దగ్గర మొహం తిప్పుకున్న వాళ్ళే వచ్చి రల్లీ బొంత మీద ఆమె పక్కన కూర్చున్నారు. ఒకామె జుట్టు చిక్కు తీసింది. ఇంకొకామె ఇంట్లోంచి రెండు గుడ్లు తెచ్చింది. అన్నాళ్ళ తర్వాత ఆమె చుట్టూ మనుషులున్నారు, ఆమె పేరు పెట్టి పిలుస్తున్నారు.

జేబుల్ రొట్టె తుంచింది. నోట్లో పెట్టుకుంది. రెండో తునక తుంచి చేతిలోనే ఉంచుకుంది. ఒక్కొక్కరి మొహం చూసింది. ఎవరో ఒకరికి చెప్పాలనిపించింది. చెబితే ఈ బొంత మీద ఎవరూ మిగలరు.

"మొహమాటపడకు, తిను," అంది సదోరి.

ప్రతి పొట్లంలోనూ సగం తిన్నది తనే.