ఎవరో మానుకున్న టైము

"ఎవరైనా మానుకున్నారా అండీ?"

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒళ్ళో గుడ్డకి గుండుసూదులు గుచ్చుతూ అడిగింది టైలరమ్మ. రోజూ పొద్దున ఆమెది అదే ప్రశ్న. డాక్టరుగారి దగ్గర కౌంటరమ్మాయిదీ రోజూ అదే జవాబు, లేదండీ అని. ఇప్పుడిప్పుడు పేరు అడగడం కూడా మానేసింది ఆ పిల్ల.

"నేనే మీకు చేద్దామనుకుంటున్నానండీ. ఇవాళ నాలుగింటికి ఒకటి ఖాళీ అయింది. వస్తారా?"

సూది వేలికి దిగింది. "మాకే ఇవ్వండి. ఇంకెవరికీ చెప్పకండి."

"ఆయన నెల ముందు తీసుకున్న టైమండీ అది. ఇందాకే ఫోన్ చేసి ఇక అవసరం లేదన్నారు. పేషెంటు పేరు చెప్తారా?"

"నా పేరే ఉండనివ్వండి," అంది టైలరమ్మ గొంతు తగ్గించి.

తమ్ముడి పేరు బయటపెట్టడం ఆమెకిష్టం లేదు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని వాడిది. పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాడని తెలిస్తే, సెలవుల మీద నెట్టుకొస్తున్న ఆ ఉద్యోగం కాస్తా ఊడుతుంది.

వాడికేమయిందో ఎవరూ చెప్పలేకపోయారు. జ్వరం లేదు, దెబ్బ లేదు. పొద్దెక్కినా మంచం దిగడు. పిలిస్తే పలకడు, పలికితే ఒక్క ముక్క. ఆమె మొగుడైతే పనిదొంగ అని తేల్చిపారేసి తన దారిన తాను తిరుగుతున్నాడు. తల్లి పోయాక ఒళ్ళో పెట్టుకుని పెంచిన తమ్ముడు కాబట్టి ఆమెకి అంత తేలిక కాలేదు. కుట్టుమిషనుని వాడి గది గుమ్మం ముందుకి జరుపుకుంది. మధ్యమధ్య కుట్టు ఆపి చెవి ఒగ్గుతుంది. లోపల మంచం కిర్రుమంటే మళ్ళీ తొక్కడం మొదలుపెడుతుంది.

డాక్టరు మాట ఎత్తినప్పుడల్లా వాడు ఒకటే అనేవాడు. "లోపల ఏమీ మిగల్లేదక్కా. ఆయన మాత్రం ఏం వెతుకుతాడు?"

ఇవాళే ఎందుకో వింతగా ఉంది. వాడు ఆమెకంటే ముందు లేచాడు. గడ్డం గీసుకున్నాడు, దుప్పటి మడతపెట్టాడు. ఎన్నాళ్ళనుంచో జారిపోతున్న మిషను బెల్టు మార్చి, నూనె కూడా పోశాడు. "ఇంక దీనికోసం నువ్వెవర్నీ బతిమాలక్కర్లేదు," అన్నాడు. ఇన్నాళ్ళకి దేవుడు కళ్ళు తెరిచాడనుకుని ఆమె పమిట చెంగుతో కళ్ళొత్తుకుంది.

భోజనాల దగ్గర మెల్లగా కదిపింది.

"సాయంత్రం నాలుగింటికి డాక్టరు టైము దొరికిందిరా. కాదనకు."

"ఏ డాక్టరు?"

"బస్టాండు వెనక మేడ మీద ఉంటాడే, ఆయనే. నెలాఖరు దాకా ఖాళీ లేదన్నారు. మన అదృష్టం, ఎవరో మానుకున్నారట."

తమ్ముడు ఆమె వంక చూశాడు. తర్వాత నవ్వాడు. పెద్ద నవ్వేం కాదు, ముక్కుతో గాలి వదిలినంత. వాడి నవ్వు విని ఎన్నాళ్ళయిందో, ఆమెకి ఆ మాత్రమే పండగైపోయింది.

"ఎందుకు మానుకున్నాడట?"

"ఇక అవసరం లేదన్నాడట. బాగైపోయిందనేగా?"

"అదే అయ్యుంటుంది." కంచంలో వేళ్ళాడిస్తూ అడిగాడు. "సాయంత్రం బట్టలివ్వడానికి వెళ్ళాలన్నావుగా నువ్వు?"

"సంచీ వెంట తెచ్చుకుంటాలే. వచ్చేటప్పుడు ఇచ్చేస్తాను."

వాడు లేచి చెయ్యి కడుక్కుని చొక్కా మార్చుకున్నాడు. బతిమాలడానికి పొద్దుటినుంచీ కూడగట్టుకున్న మాటలన్నీ ఆమె దగ్గరే ఉండిపోయాయి.

మేడ మీద హాలు నిండా జనం. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అందరూ నేలకేసి చూస్తున్నారు. ఇన్ని మొహాల్లో ఒక్కటైనా బాగుపడే మొహంలా కనిపించక టైలరమ్మ చూపు తిప్పుకుంది.

"వచ్చామమ్మా," అంది కౌంటరు దగ్గర.

"టైలరమ్మగారే కదూ? గొంతు గుర్తుపట్టేశాను. రోజంతా గొంతులతోనే నా కాపరం, మొహాలే తెలియవు."

పక్కనే ఒక ముసలాయన, వణికిపోతున్న కూతుర్ని పొదివి పట్టుకుని, ఇవాళే చూడమని బతిమాలుతున్నాడు. కుదరదంటే ఎక్కడికి తీసుకెళ్ళనని అడుగుతున్నాడు. టైలరమ్మకి మనసు పీకింది. తమ్ముడి వైపు చూసింది. నున్నటి గడ్డం, ఇస్త్రీ చొక్కా, నిబ్బరంగా ఉన్నాడు. వీణ్ణి చూసి జబ్బుమనిషి అంటే డాక్టరే నమ్మడు.

"పోనీ, వాళ్ళకి ఇచ్చేద్దామట్రా?" అంది. "నువ్వివాళ బానే ఉన్నావు. మనం నెలాఖరుకి వద్దాం. నువ్వు ఇంటికెళ్ళు, నేను ఇటునుంచిటే బట్టలిచ్చేసి వస్తాను."

"అలాగే అక్కా." వాడే కౌంటరు మీదికి వంగాడు. "నా టైము ఇంకెవరికైనా ఇవ్వండి."

కౌంటరమ్మాయి చేతిలో పెన్ను ఆగింది. తలెత్తి వాడి మొహంలోకి చూసింది. గబుక్కున లేచి, కౌంటరు చుట్టూ తిరిగొచ్చి, వాడి మణికట్టు పట్టుకుంది. వాడు విడిపించుకోలేదు.

బట్టల సంచీ భుజానికి తగిలించుకుంటున్న టైలరమ్మ ఆగిపోయింది. "ఏమైందమ్మా?"

"పొద్దున ఫోన్ చేసి ఇక అవసరం లేదన్నది ఈయనే."