నీటికాసులు

"ఇది శుక్లం కాదు బాబాయ్, నీటికాసులు, అంటే గ్లాకోమా. రెండు కళ్లలోనూ నరం చచ్చిపోయింది. ఆపరేషన్ చేసినా చూపు రాదు" అన్నాను.

అరఖిత్ సాహు కటక్‌లో వెండితీగతో పూలూ నెమళ్లూ అల్లే పనివాడు. ఈ రోజు ఆపరేషన్ చేస్తారనుకుని నున్నగా తల దువ్వుకుని, ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. నేను చెప్పింది అర్థం కాక ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

అతని భార్య కుంతల ముందుకొచ్చింది. "సరిగ్గా చూడండి బాబూ. పెద్ద లైటు వేసి చూడండి."

ఆమె తృప్తి కోసం మళ్లీ చూశాను. నరం సున్నంలా తెల్లబడి ఉంది. నాకు కోపం వచ్చింది.

"ఇన్నేళ్లూ ఏం చేస్తున్నారు? కాస్త చూపుండగా వస్తే చుక్కలమందుతో ఆ కాస్తయినా నిలిపేవాళ్లం కదా!"

"అప్పుడే చూపించాం బాబూ. నాలుగేళ్ల కిందట మా పేట బడిలో కంటి శిబిరం పెట్టారు. డాక్టరుబాబు టార్చి వేసి చూసి, శుక్లం ఇంకా పచ్చిగా ఉంది, ముదిరాక రమ్మన్నారు. అందుకే పూర్తిగా కనపడకుండా పోయేదాకా ఓపిక పట్టాం."

అరఖిత్ ఆమె చెయ్యి తడిమి పట్టుకున్నాడు.

"ఆయన్నేమీ అనకు. ఎంత మంచిగా మాట్లాడాడు! గొంతు కూడా అచ్చం ఈ బాబుగారి గొంతులాగే ఉండేది."

ఆ బడిలో టార్చి వేసి చూసింది నేనే. నోరు తెరవకుండా, తర్వాతివాళ్లను పంపమని నర్సుకు చేత్తో సైగ చేశాను.